అరిగిన ఫ్రెట్లు: మార్చడమా, తీసివేయడమా?

పాత బేస్ గిటారులో ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు పట్టీలు) అరిగిపోయి తీగలు గరగరమంటున్నప్పుడు కొత్తవి వేయవచ్చు, లేదా ఉన్నవాటిని తీసివేసి ఫ్రెట్‌లెస్‌గా మార్చవచ్చు.

కొత్త ఫ్రెట్లను గాడుల్లో దిగగొట్టడం త్వరగానే పట్టుబడుతుంది గాని, అన్ని ఫ్రెట్లనూ ఒకే ఎత్తుకు సానపట్టి, వాటి తలలను మళ్లీ గుండ్రంగా దిద్దడానికి ప్రత్యేకమైన ఆకురాయి, మంచి ఓపిక కావాలి. ఒక్క ఫ్రెట్ ఎత్తుగా మిగిలినా గరగర తిరిగి వస్తుంది.

ఫ్రెట్‌లెస్ మార్గంలో ఆ బాధ లేదు. సోల్డరింగ్ ఐరన్‌తో ఫ్రెట్‌ను వేడిచేసి నెమ్మదిగా లేపితే చెక్క పెచ్చులూడడం తగ్గుతుంది. ఆపై గాడులను పలుచని చెక్క పట్టీలతో నింపి, నట్ (మెడ చివర తీగలను ఆనించే చిన్న దిమ్మ) గాడులను లోతు చేసి తీగలను కిందికి దించాలి. అమెరికన్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్‌కు గాడులు పూడ్చి ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూత వేసుకున్నది, రౌండ్‌వౌండ్ తీగలు (పైన గుండ్రని లోహపు తీగ చుట్టిన గరుకు తీగలు) చెక్కను కోసివేయకుండా ఉండడానికే. వయొలిన్‌లో వలె స్వరం నుంచి స్వరానికి జారే ఆ నాదం నాకు ఎంతో ఇష్టం. అయితే వేలు ఫ్రెట్ ఉండిన గీత మీదనే ఖచ్చితంగా పడాలి, కొద్దిగా తప్పినా అపస్వరమే. అందువల్ల ఇంట్లో ఉన్నది ఒక్కటే బేస్ అయితే కొత్త ఫ్రెట్లు వేయడమే మేలని నా అభిప్రాయం.