కాలువ పనుల ట్రాకర్‌లో అదనపు ఫీల్డులు: విడి టేబులా, జేసన్‌బీ కాలమా?

గోదావరి డెల్టాలో కాలువలకు నీళ్లు ఆపేశాక పూడికతీత, లాకుల మరమ్మతు, తూముల పనులు ఒకే ట్రాకర్‌లోకి (పనులను టికెట్లుగా నమోదు చేసే సాఫ్ట్‌వేర్) ఎక్కితే, ఒక్కోదానికి ఒక్కో రకం ఫీల్డులు కావాలి.

ట్రాక్ (Trac) అనే ట్రాకర్ సాఫ్ట్‌వేర్‌ది విడి టేబుల్ పద్ధతి: ఒక్కో వరసలో టికెట్ నంబరు, ఫీల్డు పేరు, విలువ. స్కీమా, అంటే టేబుళ్ల నిర్మాణం, కదపక్కర్లేదు. కానీ విలువంతా టెక్స్టే, అంకెలనూ అక్షరాల్లాగే పోలుస్తుంది. వరస పెడితే 900 ఘనపు మీటర్ల పూడిక 1200 తర్వాత వస్తుంది. ఐదు ఫీల్డులు పక్కపక్కన చూపాలంటే సాధారణంగా ఐదు జాయిన్లు, అంటే ఆ టేబుల్‌ను ఐదుసార్లు కలపాలి. ఇన్నర్ జాయిన్ వాడితే ఆ ఫీల్డు లేని పనులు చెప్పాపెట్టకుండా మాయం; ఫీల్డు లేని పనినీ ఉంచే లెఫ్ట్ జాయినే పెట్టాలి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 2014 నుంచి ఉన్న జేసన్‌బీతో (ఫీల్డు పేర్లు, విలువలు అన్నీ ఒకే కాలమ్‌లో దాచే రకం) ఈ జాయిన్ల బెడద ఉండదు. అయితే అందులో వెతకడాన్ని వేగం చేసే జిన్ ఇండెక్స్ 'వెయ్యి దాటిన పూడిక' లాంటి వెతుకులాటకి పనికిరాదు. విలువను నంబరుగా మార్చే ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్ వేయాలి. ఎవరైనా 'సుమారు 40' అని నింపి ఉంటే అది ఎర్రర్‌తో ఆగిపోతుంది.

కొత్తగా ట్రాకర్ కట్టేవాళ్లకు జేసన్‌బీయే మేలు. గడువు, మండలం, కాంట్రాక్టరు మాత్రం అందులో వేయొద్దు. అన్ని పనులకూ ఉండేవాటికి మామూలు కాలమ్‌లు, వేరే టేబుల్‌కి ముడివేసే ఫారిన్ కీలే ఉండాలి.