సర్పంచ్ సీటు మహిళలకు: ఐదేళ్లా, పదేళ్లా?

పంచాయతీల్లో మహిళా రిజర్వేషన్ ఉండాలా వద్దా అన్న వాదన ఇప్పుడు పాతబడింది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ కనీసం మూడో వంతు సీట్లు ఇమ్మంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడది సగం. నన్నడిగితే తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఒక ఊరి సర్పంచ్ పదవి మహిళలకు వచ్చాక, తర్వాతి ఎన్నికలకే మార్చేయాలా, వరుసగా రెండుసార్లు ఉంచాలా? తెలంగాణ 2018 చట్టం రెండు టర్మ్‌లు అంది. తర్వాత సవరించి, మళ్లీ ప్రతి ఎన్నికకూ మారేలా చేశారు.

ప్రతిసారీ మార్చడంలో న్యాయం ఉంది, కాదనను. పక్క ఊరి ఆడవాళ్లు పదేళ్లు ఎదురుచూడక్కర్లేదు. పేరు భార్యది, పెత్తనం భర్తది అయిన చోట ఆ బాగోతం ఐదేళ్లతో ముగుస్తుంది కూడా.

కానీ ఆ ఐదేళ్లు ఎలా గడుస్తాయో చూడండి. ప్రమాణ స్వీకారం ఫ్లెక్సీలో ఆమె ఫొటో ఎంతుంటుందో ఆయనదీ అంతుంటుంది. మొదటి ఏడాదంతా కార్యదర్శి వేలు పెట్టిన చోట సంతకం. చేసిన పనుల కొలతలు ఎంబీలో (మెజర్‌మెంట్ బుక్‌లో) రికార్డు కాకపోతే బిల్లు ఎందుకు రాదో అర్థమయ్యేసరికి సగం పదవీకాలం అయిపోతుంది. "నన్ను అడగకుండా ఈ తీర్మానం ఎవరు రాశారు?" అని ఆమె నిలదీసే నాటికి సీటు జనరల్ అయిపోతుంది. చట్టంలో జనరల్ అంటే ఎవరైనా పోటీ చేయొచ్చు. ఊళ్లో మాత్రం అది మగాళ్ల సీటు.

ఒక్క టర్మ్‌లో ఏమీ జరగదని కాదు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలపై 2004లో ఒక అధ్యయనం వచ్చింది. మహిళలు నడిపిన చోట తాగునీటి పనులు ఎక్కువ జరిగాయి. బిందె మోసేదెవరో తెలిసినవాళ్లకు ఇందులో వింతేం లేదు. బెంగాల్‌లో ఆడవాళ్లు రోడ్లు కూడా అడిగారు, అవీ పడ్డాయి. రాజస్థాన్‌లో రోడ్ల గోల మగాళ్లది, అక్కడ మాత్రం రోడ్లు వెనకబడ్డాయి.

ఊరి బుద్ధి మారడానికి మాత్రం రెండో టర్మ్ కావాల్సి వచ్చింది. బెంగాల్‌లోనే వరుసగా రెండుసార్లు రిజర్వ్ అయిన పంచాయతీల్లో ఆ తర్వాత ఆడవాళ్లు పోటీకి దిగడం, గెలవడం పెరిగింది. 2012 నాటి మరో అధ్యయనం ప్రకారం, అలా రెండుసార్లు మహిళా ప్రధాన్ (అక్కడి సర్పంచ్) ఉన్న ఊళ్లలో కొడుకు మీద, కూతురి మీద తల్లిదండ్రులు పెట్టుకునే ఆశల్లో తేడా 25 శాతం తగ్గింది. పిల్లల సొంత ఆశల్లో 32 శాతం. అక్కడ ప్రధాన్‌ను మెంబర్లు ఎన్నుకుంటారు, మన సర్పంచ్‌కు నేరుగా ఓట్లు పడతాయి, కాబట్టి ఆ అంకెలు ఇక్కడ అచ్చంగా రాకపోవచ్చు.

అయినా నా ఓటు పదేళ్లకే. ఒక్క షరతు: గ్రామసభలో సర్పంచ్ కుర్చీలో ఆమె బదులు భర్త కూర్చుంటే ఆ రోజు తీర్మానాలేవీ చెల్లకూడదు. ఆయన కావాలంటే జనంలో కూర్చుని చెయ్యెత్తి మాట్లాడొచ్చు.