మోనో సెసిల్‌తో ఆరేళ్లు: డీఎల్ఎల్‌ను లోడ్ చేయకుండానే లోపల చూడటం

మా డాట్‌నెట్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్లన్నీ (విడిగా జోడించే భాగాలు) డీఎల్ఎల్‌లుగా, అంటే కంపైల్ చేసిన కోడ్ ఫైళ్లుగా, ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. వాటిలో మా ‘ఐప్లగిన్’ ఇంటర్‌ఫేస్ (ప్లగిన్‌కు ఉండాల్సిన పద్ధతుల జాబితా) ఉన్న క్లాసులేవో స్టార్టప్‌లో వెతకాలి. మొదట్లో అందరిలాగే ప్రతి డీఎల్ఎల్‌నూ ‘లోడ్‌ఫ్రమ్’ అనే పద్ధతితో మెమరీలోకి ఎక్కించి చూసేవాణ్ణి. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఒకసారి ఎక్కిన అసెంబ్లీ (అంటే ఆ డీఎల్ఎల్), అది ఎక్కిన యాప్‌డొమైన్ అనే గది మొత్తాన్ని దించేదాకా దిగదు. ప్లగినే కాని డీఎల్ఎల్‌లు కూడా మెమరీలో తిష్ఠ వేసేవి. కొత్త వెర్షన్ కాపీ చేయబోతే ఫైల్ వాడుకలో ఉందనే మెసేజ్.

అప్పుడు దొరికింది మోనో సెసిల్ అనే లైబ్రరీ. సెసిల్ ఆ డీఎల్ఎల్‌ను మామూలు ఫైల్‌లా తెరిచి మెటాడేటా పట్టికలు (లోపలి క్లాసుల వివరాలు) చదువుతుంది, అంతే. లోపలి కోడ్ ఒక్క లైను కూడా నడవదు. నాకు కావలసింది అదే.

అయితే మొదటి నెలలోనే దెబ్బ తిన్నాను. సహోద్యోగి రాసిన జీఎస్టీ ప్లగిన్ జాబితాలో కనిపించలేదు. ఎర్రర్ కూడా లేదు. సగం రోజు పోయాక అర్థమైంది: సెసిల్‌లో ఒక క్లాసు వివరాలిచ్చే టైప్‌డెఫినిషన్‌లోని ‘ఇంటర్‌ఫేసెస్’ ఆ క్లాసు మీద నమోదైనవే చూపిస్తుంది. ఆయన క్లాసు ‘బేస్‌ప్లగిన్’ నుంచి వచ్చింది, ఐప్లగిన్ ఉన్నది ఆ తల్లి క్లాసు మీద. రిఫ్లెక్షన్‌లో (ఎక్కించిన కోడ్ వివరాలు అడిగే డాట్‌నెట్ సొంత పద్ధతి) గెట్‌ఇంటర్‌ఫేసెస్ అన్నీ కలిపి ఇస్తుంది కాబట్టి ఆ అలవాటే నన్ను ముంచింది. సెసిల్‌లో బేస్‌టైప్‌ను (తల్లి క్లాసు) రిజాల్వ్ చేస్తూ, అంటే దాని అసలు నిర్వచనం వెతికి తెస్తూ, అది నల్ (ఖాళీ) అయ్యేదాకా మనమే పైకి ఎక్కాలి. తల్లి క్లాసు వేరే డీఎల్ఎల్‌లో ఉంటే ఆ ఫోల్డర్‌ను అసెంబ్లీ రిజాల్వర్‌కి ముందే చెప్పాలి, లేకపోతే ఎక్సెప్షన్.

ఇంకో చిన్న చిరాకు: క్లాసు లోపలి క్లాసు పేరును సెసిల్ ‘/’తో రాస్తుంది, రిఫ్లెక్షన్ ‘+’తో. మార్చకుండా రిఫ్లెక్షన్‌లోని గెట్‌టైప్‌కి ఇస్తే నల్ వస్తుంది. చదివాక డిస్పోజ్ చేయడం (మూసి వదిలేయడం) మర్చిపోతే ఫైల్ తెరిచే ఉండిపోతుంది. నేనైతే ఫైల్‌ను ముందే మెమరీలోకి చదివేసుకునే ‘ఇన్‌మెమరీ’ ఆన్ చేసి ఆ టెన్షన్ వదిలించుకున్నాను.

2019లో డాట్‌నెట్ కోర్ 3.0తో పాటు వచ్చిన మెటాడేటాలోడ్‌కాంటెక్స్ట్‌నూ (ఇదీ కోడ్ నడపకుండా వివరాలు చదివేదే) కొన్నాళ్లు వాడాను. చేతికి అలవాటైన టైప్ ఏపీఐ, హాయిగానే ఉంది. కానీ మన ప్రోగ్రామ్‌లోని ఐప్లగిన్‌తో ఈజ్‌అసైనబుల్‌ఫ్రమ్ (ఈ క్లాసు ఆ రకానిదేనా అనే ప్రశ్న) అడిగితే ఎప్పుడూ ఫాల్స్, ఎందుకంటే దానికి అవి వేర్వేరు టైపులు. చివరికి అక్కడా పేర్లే పోల్చాలి. అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను మెటాడేటాలోడ్‌కాంటెక్స్ట్‌నే చెప్తాను. నాకు మాత్రం సెసిల్ చేతిలో కుదిరిపోయింది. వెర్షన్ ఇంకా 0.11 దగ్గరే ఉన్నా, డాక్యుమెంటేషన్ అంతంత మాత్రమే అయినా, మా స్టార్టప్ కోడ్‌లోంచి దాన్ని తీసే ఆలోచన లేదు.