మామిడి టెంకలకు సరే, ఎంగిలి అన్నానికి వద్దు: మూడేళ్ల బయోచార్ డ్రమ్ము అనుభవం

కావలిలో మెస్సు, ఉలవపాడు దగ్గర రెండెకరాల ఇసుక నేల ఉన్న నేను, మెస్సు వ్యర్థాలను బయోచార్‌గా, అంటే నేలకు వేసే బొగ్గుగా మార్చి పొలానికి వేసుకుందామని 200 లీటర్ల పాత ఇనుప డ్రమ్ము కొని, అడుగున రంధ్రాలు, పైన మూత, పొగగొట్టం పెట్టించుకొని మూడేళ్లు దాటింది.

మొదట్లో మిగిలిన అన్నం, కూరలు కూడా ఎండబెట్టి వేశాను. నాలుగు రోజులు ఎండినా లోపల తడి మిగిలి, డ్రమ్ము మండడం మానేసి తెల్లని పొగ కక్కింది; పక్కింటివారు గోడ మీదుగా తొంగి చూసి ఏం కాలుతోందని అడిగారు. అంతకంటే పెద్ద చిక్కు ఉప్పుతో వచ్చింది. సాంబారులోని, పచ్చళ్లలోని ఉప్పు మంటకు పోదు, బొగ్గులోనే ఇంకా చిక్కబడి మిగులుతుంది. అసలే మా బోరు నీరు కాస్త ఉప్పన, దానికి ఇదీ తోడై వంగ ఆకుల అంచులు మాడిపోయాయి.

అప్పటి నుంచి మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు, మొక్కజొన్న బెండ్లు మాత్రమే వేస్తున్నాను. వేసవిలో టెంకలకు కొదవ లేదు గానీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానల్లో ఏదీ ఎండదు కనుక ఆ మూడు నెలలూ డ్రమ్ము బోర్లించే ఉంటుంది.

పైనుంచి అంటిస్తే మంట మెల్లగా కిందికి దిగుతుంది. గాలి చాలక సరుకు బొగ్గవుతుంది, వెలువడే వాయువులు పైన మండిపోతాయి కనుక పొగ తక్కువ. పసుపు మంట తగ్గి పైపొరపై తెల్లని బూడిద కనబడగానే ఆర్పేయాలి, ఆలస్యమైతే చేతికి దక్కేది బూడిదే. బాగా కాలిన ముక్కలను ఒకదానికొకటి తాకిస్తే పెంకుల్లా గలగలమంటాయి, చేతికంటిన మసి సబ్బు లేకుండానే పోతుంది. జిడ్డుగా ఉంటే సరిగా కాలలేదన్నమాట.

40 కిలోల ఎండు సరుకుకు వచ్చేది సుమారు 10 కిలోలు. ఎకరాకు టన్ను వేయాలంటే వంద సార్లు కాల్చాలి, అది నావల్ల అయ్యే పని కాదు. అందుకే మొక్కకు గుప్పెడు చొప్పున పాదుల్లోనే వేస్తున్నాను. అదీ మూడు వారాలు పేడనీళ్లలో నానబెట్టాకే, ఎందుకంటే పచ్చి బొగ్గు నేలలోని నత్రజనిని తానే పట్టుకుంటుంది. వేసిన పాదుల్లో తడి ఒక రోజు ఎక్కువ నిలవడం కళ్లారా చూశాను. దిగుబడి పెరిగిందని మాత్రం రాయను, నేను తూచలేదు.

గిన్నెలు కడిగిన నీటిని ఇసుక, బొగ్గు పొరల తొట్టిలో వడగడితే రంగు, వాసన బాగా తగ్గాయి. నెలకోసారి బొగ్గు మార్చాలి. కనిగిరి బంధువులు తాగునీటిలోని ఫ్లోరైడుకు పనికొస్తుందా అని అడిగితే వద్దన్నాను. ఫ్లోరైడును పట్టేది ఎముకల బొగ్గు, టెంకల బొగ్గు కాదు.

డ్రమ్ము అడుగు రెండో ఏటికే తుప్పుపట్టి ఊడింది, వేడి మీద లోపలే నీళ్లు పోయడమే కారణం. ఇప్పుడు పక్కలకు పిడులు వేయించి, ఇద్దరం పట్టి తడి గుంతలోకి కుమ్మరించి ఆర్పుతున్నాము.