హైబర్నేట్ డర్టీ చెకింగ్: ఆరేళ్ల వాడకం తర్వాత

డేటాబేస్ టేబుల్‌లోని వరుసని కోడ్‌లో వాడుకునే ఆబ్జెక్ట్‌గా తెచ్చివ్వడం ఓఆర్ఎమ్ అనే లైబ్రరీలన్నీ చేసేదే. నా గొడవంతా జావా ఓఆర్ఎమ్ అయిన హైబర్నేట్‌లోని డర్టీ చెకింగ్‌తోనే, అంటే ఆబ్జెక్ట్‌లో ఏం మారిందో అదే కనిపెట్టి డేటాబేస్‌లో రాసేయడంతోనే.

మొదట్లో దాని మీద మనసు పారేసుకున్నాను. ఎంటిటీని (అంటే ఆ ఆబ్జెక్ట్‌ని) తెచ్చుకుని, విలువ మార్చే సెట్టర్ పిలిస్తే చాలు, సేవ్ అనక్కర్లేదు. చదివినప్పటి విలువల్ని పక్కన దాచుకుని, కమిట్‌కి (మార్పుల్ని డేటాబేస్‌లో ఖాయం చేయడానికి) ముందు పోల్చి చూసి, తేడా ఉంటే అప్‌డేట్ అదే పంపుతుంది. టీమ్‌లోకి ఎవరొచ్చినా ఇది చూపించి మురిసిపోయేవాణ్ణి.

రెండో ఏడు అనుకుంటా, కస్టమర్ల జాబితాలో ఫోన్ నంబర్లు పూర్తిగా కనిపించకూడదన్నారు. చివరి నాలుగంకెలు ఉంచి మిగతావి స్టార్లు చేయాలి. పది నిమిషాల పని. సర్వీస్ మెథడ్‌లో ఒక లూప్, లోపల సెట్‌ఫోన్. స్క్రీన్ మీద ముచ్చటగా వచ్చింది. ఆ క్లాస్ పైన ఎవరో ఎప్పుడో ట్రాన్సాక్షనల్ పెట్టారన్న, అంటే మెథడ్ ముగియగానే మార్పులన్నీ కమిట్ అయిపోతాయన్న సంగతి నాకు తట్టనే లేదు.

మూడు రోజులకి, ఎస్ఎమ్ఎస్‌లు వెళ్లడం లేదని ఫోన్. డేటాబేస్ తెరిస్తే ఫోన్ కాలమ్ నిండా స్టార్లు. విచిత్రమేమిటంటే అందరివీ కాదు. పేర్ల వరుసలో మొదటి ఇరవై మంది పోయారు, తర్వాతి ఇరవై పోయారు, ఆ తర్వాత అక్కడక్కడా ఇంకొన్ని ఇరవైలు. చివర్లో ఉన్నవాళ్లంతా క్షేమం. మా జాబితా పేజీకి ఇరవై. ఎవరు ఏ పేజీ తెరిస్తే ఆ పేజీ తుడిచిపెట్టుకుపోయింది. చూడటమే పాపమైపోయింది! లాగ్‌లో సెలెక్ట్ వెనకాలే అప్‌డేట్ల బారు, మూడు రోజులుగా అక్కడే ఉంది. బ్యాకప్ నుంచి నంబర్లు తెచ్చి పెట్టాం. ఈలోగా చేరినవాళ్లని మాత్రం మెయిల్ పెట్టి అడగాల్సి వచ్చింది.

హైబర్నేట్ చేస్తానన్నదే చేసింది, కాదనను. కానీ కోడ్ రివ్యూలో ఆ లూప్ చూసిన ఇద్దరికీ అది డేటాబేస్‌లోకి రాస్తోందని అనిపించలేదు. సేవ్ అన్న మాట ఉంటే కదా! నేను మురిసిపోయింది సరిగ్గా ఆ మాట లేనందుకే.

ఇప్పుడు జాబితాలూ రిపోర్టులూ అన్నీ డీటీఓలతోనే, అంటే హైబర్నేట్ గమనించని మామూలు ఆబ్జెక్ట్‌లతోనే. చదివే మెథడ్‌లకి రీడ్‌ఓన్లీ పెడతాం. మేం వాడే జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లో అలా పెడితే హైబర్నేట్ తనంతట తాను ఫ్లష్ చేయదు, అంటే మార్పుల్ని డేటాబేస్‌కి పంపదు. ఎడిట్ ఫారాల దగ్గర మాత్రం డర్టీ చెకింగ్‌ని వదులుకోలేదు. ఆర్డర్ కింద పది ఐటమ్‌లుండి మూడు మారితే, ఏ మూడో అదే చూసుకుంటుంది. మా అప్లికేషన్‌లో సగానికి పైగా అలాంటి ఫారాలే కాబట్టి మాకు గిట్టుబాటైంది. రిపోర్టులే పనైతే నేను ఓఆర్ఎమ్ లేకుండా ఎస్‌క్యూఎల్‌ని నేరుగా నడిపే జేడీబీసీ టెంప్లేట్ పెట్టుకుని ఎస్‌క్యూఎల్ చేత్తో రాసుకుంటాను.