చెప్పి చెడిపోయే సర్వర్ కావాలి: ఏడేళ్ల వాడకం తర్వాత

మా కంపెనీలో ఆర్డర్లు, బిల్లింగ్, గోడౌన్ స్టాక్ అన్నీ ఒకే డేటాబేస్ మీద నడుస్తాయి. అది ఆగిందంటే లోడింగ్ దగ్గర లారీ కదలదు, కౌంటర్లో బిల్లు రాదు. ఏడేళ్లుగా ఆ డేటాబేస్‌ను మోసినవి రెండు రాక్ సర్వర్లు (అరల చట్రంలో బిగించేవి). ఒక్కోదానిలో రెండు ప్రాసెసర్లు, ఎనిమిది డిస్కులు, రెండు పవర్ సప్లైలు. ఒకటి పనిచేస్తుంటే రెండోది స్టాండ్‌బైగా సిద్ధంగా ఉంటుంది. వాటిని ఎంపిక చేసినవాళ్లలో నేనొకణ్ణి, రోజూ చూసుకున్నదీ నేనే. ఈమధ్యే వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. పాతవి ఎలా నడిచాయో, వాటిని బట్టి కొత్తవాటిని ఎలా ఎంచుకున్నామో చెబుతాను.

మొదటిసారి కొనేటప్పుడు మేం పోల్చింది కోర్లు (ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగాలు), గిగాహెర్ట్జ్, మెమరీ సైజు. ఈ మూడూ ఏడేళ్లలో ఒక్కరోజు కూడా మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది వచ్చిన ప్రతిసారీ తేడా తెచ్చినవి వేరే రెండు విషయాలు. పాడవబోతున్నానని మెషీన్ ముందే చెప్పిందా? చెప్పాక, పని ఆపకుండా బాగుచేయగలిగామా? సర్వర్ మంచిదా కాదా అని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే ముందు ఈ రెండే చూస్తాను.

బాగా నడిచిన సంగతి ముందు. మూడో ఏడు ఒక మెమరీ మాడ్యూల్‌లో సరిదిద్దిన తప్పుల సంఖ్య రోజురోజుకీ పెరగడం లాగ్‌లో కనిపించింది. ఈసీసీ మెమరీ ఒక బిట్ తప్పితే తనే సరిచేస్తుంది, రెండు బిట్లు తప్పితే గుర్తుపడుతుంది కానీ సరిచేయలేదు. అంటే తప్పులు పెరుగుతున్నాయంటే మనకు కొంత గడువు దొరికినట్టే. ఏ స్లాట్‌లో ఉన్న మాడ్యూలో కూడా లాగ్‌లోనే ఉంది. ఆదివారం పనిని స్టాండ్‌బై మీదికి మార్చి, అరగంటలో మాడ్యూల్ మార్చేశాం. ఎవరికీ తెలియనే లేదు. ఈసీసీ లేని మెషీన్ అయితే ఆ తప్పుడు బిట్ చప్పుడు లేకుండా ఏ బిల్లులోనో, ఏ స్టాక్ లెక్కలోనో చేరి ఉండేది. అలాంటి తప్పు నెలల తర్వాత బయటపడితే మూలం వెతకడం దాదాపు అసాధ్యం. ముఖ్యమైన డేటా ఉన్నచోట ఈసీసీ విషయంలో బేరమే వద్దు.

డిస్కుల విషయంలో మా ఎంపికే తప్పు. స్థలం కలిసొస్తుందని రెయిడ్ 5 పెట్టాం, అంటే డిస్కులన్నీ కలిపి ఒకటిగా వాడుతూ, వాటిలో ఒకటి పోయినా డేటా మిగిలే పద్ధతి. నాలుగో ఏడు ఒక డిస్క్ పోయింది. కొత్తది పెట్టి రీబిల్డ్ (పోయిన డేటాను కొత్త డిస్కులో తిరిగి నింపడం) మొదలుపెడితే అది రాత్రంతా సాగింది, తెల్లవారుజామున రెండో డిస్క్ కూడా చేతులెత్తేసింది. అర్రే, అంటే కలిపి వాడుతున్న డిస్కుల సముదాయం, మొత్తం పోయింది. స్టాండ్‌బై ఉండబట్టి కొన్ని నిమిషాల అంతరాయంతో బయటపడ్డాం, కానీ ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తే. కారణం ఆలోచిస్తే అర్థమవుతుంది. ఎనిమిది డిస్కులూ ఒకే బ్యాచ్‌లో వచ్చాయి, ఒకే రోజు ఆన్ అయ్యాయి, ఒకేలా అరిగాయి. రీబిల్డ్ అంటే మిగిలిన డిస్కులన్నిటినీ మొదటినుంచి చివరిదాకా చదవడం. సాధారణ డెస్క్‌టాప్ డిస్కులకు సుమారు 12.5 టెరాబైట్లు చదివితే ఒక చదవలేని సెక్టార్ రావచ్చని స్పెసిఫికేషన్‌లోనే రాస్తారు. ఎంటర్‌ప్రైజ్ డిస్కులకు ఇది కనీసం పదిరెట్లు మెరుగు. అయినా డిస్క్ సైజు పెరిగేకొద్దీ రీబిల్డ్ సమయం పెరుగుతుంది, ఆ సమయమంతా రెయిడ్ 5కి రక్షణ లేనట్టే. తర్వాత రెయిడ్ 10కి మారాం, ఇందులో డిస్కులు జతలుగా ఉండి, జతలోని రెండిటిలోనూ ఒకే డేటా ఉంటుంది. స్థలం సగం పోయినా, రీబిల్డ్‌లో చదవాల్సింది జత డిస్క్ ఒక్కదాన్నే.

ఎస్‌ఎస్‌డీలు (తిరిగే భాగాలు లేని, చిప్పుల మీద నడిచే డిస్కులు) పెడితే ఈ బాధ ఉండదు అనుకునేవాళ్లకు ఒక సంగతి. 2019లో ఒక పెద్ద తయారీ సంస్థ తన ఎస్‌ఎస్‌డీలలో కొన్ని మోడళ్లు సరిగ్గా 32,768 గంటలు నడిచాక పూర్తిగా ఆగిపోతాయని, వెంటనే ఫర్మ్‌వేర్ (డిస్క్ లోపల దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) మార్చుకోవాలని ప్రకటించింది. అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. ఒకే రోజు ఆన్ చేసిన డిస్కులన్నీ ఒకే గంటకు పోతే ఏ రెయిడ్ కాపాడుతుంది? మావి ఆ మోడళ్లు కావు. అయినా ఆ ప్రకటన చదివాక డిస్కుల ఫర్మ్‌వేర్‌ను మూడు నెలలకొకసారి సరిచూడటం మొదలుపెట్టాం. తయారీ సంస్థ ఫర్మ్‌వేర్‌ను ఎన్నేళ్లపాటు ఇస్తుంది, పాత వెర్షన్ల సమస్యలను దాచకుండా రాస్తుందా అన్నది కొనేముందే చూడాలి. విడుదల నోట్స్ చదివితే ఆ సంస్థ స్వభావం తెలిసిపోతుంది.

రెయిడ్ కంట్రోలర్‌లోని క్యాష్ బ్యాటరీ సంగతి మాత్రం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. కంట్రోలర్ అంటే డిస్కులను నడిపే కార్డు, క్యాష్ అంటే డిస్కుకు రాయాల్సిన డేటాను కాసేపు ఉంచే వేగమైన మెమరీ. అయిదో ఏడు నెలాఖరు ముగింపు లెక్కలు రెండు గంటల్లో అయ్యేవి అయిదు గంటలు పట్టాయి. డేటాబేస్‌లో వారం రోజులు వెతికాం. చివరికి తేలిందేమిటంటే బ్యాటరీ అయిపోవడంతో కంట్రోలర్ క్యాష్‌ను పక్కనపెట్టి ప్రతి రైట్‌నూ నేరుగా డిస్కుకే పంపుతోంది. కరెంటు పోతే డేటా పోకూడదని అది చేసిన సరైన పనే. బ్యాటరీ బలహీనపడిందని ఆరు వారాల ముందే మెయిల్ కూడా పంపింది. ఆ మెయిల్ ఉద్యోగం మానేసిన సహోద్యోగి మెయిల్‌బాక్స్‌కి వెళ్లింది. సర్వర్ చెప్పింది, వినేవాళ్లు లేరు.

పవర్ సప్లైలు రెండున్నాయి కదా అని రెండో ఏటిదాకా ధైర్యంగా ఉన్నాం. రెండు కేబుళ్లూ ఒకే పవర్ స్ట్రిప్‌లో పెట్టి ఉన్నాయి, రెండు సర్వర్లూ ఒకే రాక్‌లో ఉన్నాయి. ఒక బ్రేకర్ పడిపోతే అన్నీ ఒకేసారి పడ్డాయి. డేటాబేస్ రికవరీ, సరిచూసుకోవడం కలిపి గంటా నలభై నిమిషాలు. ఏడాదికి 99.99 శాతం అందుబాటు అంటే మొత్తం 52 నిమిషాలే ఆగొచ్చు. ఆ ఏటి లెక్క ఒక్క బ్రేకర్‌తో తుడిచిపెట్టుకుపోయింది. తర్వాత రెండు వేర్వేరు యూపీఎస్ లైన్లు, వేర్వేరు రాక్‌లు. ఇంకో మాట, ఒక సప్లై పోతే రెండోది మొత్తం లోడ్ ఒంటరిగా మోయగలగాలి. కార్డులు, డిస్కులు చేర్చినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి.

సపోర్ట్ ఒప్పందం గురించి గట్టిగానే చెబుతాను. మాది "నాలుగు గంటలు" అని రాసిన ఒప్పందం. ఒకసారి మదర్‌బోర్డ్ పోతే నాలుగు గంటల్లో ఫోన్ వచ్చింది, మనిషి సాయంత్రానికి వచ్చాడు, బోర్డ్ మర్నాడు వచ్చింది. ఒప్పందం ప్రకారం వాళ్లది తప్పు లేదు, అందులో ఉన్నది స్పందనకు గడువు, బాగుచేయడానికి కాదు. ఈ రెండు మాటల మధ్య తేడా సంతకానికి ముందే అడగండి. విడిభాగాలు ఎంత దూరంలో నిల్వ ఉంటాయో కూడా అడగండి.

రిమోట్ మేనేజ్‌మెంట్ లేకుండా నేను ఈ ఉద్యోగం చేయలేను. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐఎల్‌ఓ, లెనోవోలో ఎక్స్‌క్లారిటీ, పేరేదైనా పని ఒకటే. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా ఇంటినుంచే లాగ్ చూసి ఆన్ చేయొచ్చు. రిమోట్ కన్సోల్‌కు (సర్వర్ తెరను దూరం నుంచి చూసే సౌకర్యం) చాలాచోట్ల అదనపు లైసెన్స్ కావాలి, దాన్ని కొటేషన్‌లోనే చేర్పించండి. దీన్ని వేరే నెట్‌వర్క్‌లో ఉంచాలి, ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరవకూడదు.

కోర్ల దగ్గర మాకు బాగా ఖర్చు తగిలింది. సీక్వెల్ సర్వర్ లాంటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లకు లైసెన్స్ కోర్ల లెక్కన కట్టాలి. మా కోర్లలో సగానికి పైగా ఏడేళ్లూ ఖాళీగానే ఉన్నాయి, వాటికీ లైసెన్స్ కట్టాం. అందుకే ఈసారి ఏఎండీ ఎపిక్ 9004 శ్రేణి ప్రాసెసర్లలో కోర్లు తక్కువ, క్లాక్ ఎక్కువ ఉండే రకం తీసుకున్నాం, అదీ ఒక్క సాకెట్‌తో, అంటే సర్వర్‌కు ఒకే ప్రాసెసర్. దీనికి 12 మెమరీ ఛానళ్లున్నాయి (ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య దారులు), 12 ఛానళ్లలోనూ ఒకే రకం మాడ్యూళ్లు పెట్టించాం. సగం ఛానళ్లు ఖాళీగా వదిలితే మెమరీ వేగం ఆ మేరకు పోతుంది.

కొత్తవి వచ్చాక వారం రోజులు డేటాబేస్ ఎక్కించలేదు. ఒక పవర్ కేబుల్ పీకాం, ఫ్యాన్ తీశాం, నడుస్తుండగానే ఒక డిస్క్ లాగాం. అలర్ట్ వెళ్లాల్సిన ముగ్గురినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టాం. మొదటిసారి ఇద్దరికే వచ్చింది, మూడో నంబర్‌లో ఒక అంకె తప్పుంది. దిద్ది, డిస్క్ మళ్లీ లాగాం. నిమిషంలోపే మూడు ఫోన్లూ మోగాయి. ఆ శనివారం రాత్రే డేటాబేస్‌ను కొత్తవాటి మీదికి మార్చాం.