ఆబిడ్స్ ఫుట్‌పాత్ నుంచి హైటెక్స్ దాకా: పేరులో రంగున్న వీరుల కోసం హైదరాబాద్‌లో

హైదరాబాద్‌లో కామిక్స్ కోసం తిరగాలనుకునేవాళ్లు ఆదివారం కలిసొచ్చేలా టికెట్లు తీసుకోండి. మిగతా రోజుల్లో దొరికేవి వేరు, ఆదివారం ఆబిడ్స్‌లో దొరికేవి వేరు. మేం విజయవాడలో శనివారం రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లారేసరికి నాంపల్లిలో దింపింది. అక్కణ్ణుంచి ఆబిడ్స్‌కి నడిచే వెళ్లిపోవచ్చు.

మేం అంటే నేనూ, మా అన్నయ్య కొడుకూ. వాడు ఇంటర్ చదువుతున్నాడు. పేరులోనే రంగు ఉన్న కామిక్ పాత్రలన్నిటినీ ఒక నోటుపుస్తకంలో రెండు వరసలుగా రాసుకున్నాడు. గ్రీన్ లాంటర్న్, గ్రీన్ యారో, బ్లూ బీటిల్, సిల్వర్ సర్ఫర్, బ్లాక్ పాంథర్, ఇలా వీరులంతా ఒక వరస. రెడ్ స్కల్, గ్రీన్ గాబ్లిన్, బ్లాక్ మాంటా, ఇలా చెడ్డవాళ్లంతా ఇంకో వరస. స్కార్లెట్ విచ్, బ్లాక్ విడో ఇద్దరినీ మాత్రం మధ్యలో గీత మీద రాశాడు. ఇద్దరూ 1964లో వీరులకి ఎదురు నిలిచినవాళ్లుగా వచ్చి, తర్వాత అవెంజర్స్ అనే వీరుల జట్టు పక్కకి చేరారు కదా, వాళ్లని ఎటు రాయాలో వాడికి తేల్లేదు. నేను ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేస్తాను. నాకు రోజంతా రంగులతోనే పని. వాడికి కథలు కావాలి, నాకేమో ఆ రంగులు కాగితం మీద ఎలా పడ్డాయో చూడాలి. ఈ రెండు పనులకీ ఏ చోటు ఎంత పనికొచ్చిందో చెప్తాను.

ఆబిడ్స్‌లో ఆదివారం చాలా దుకాణాలకి సెలవు. మూసిన షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. మరీ పొద్దున్నే వెళ్తే ఇంకా మూటలు విప్పుతూనే ఉంటారు. పది దాటాక వెళ్తే అన్నీ బయటికొచ్చి ఉంటాయి, ఎండ కూడా ముదరదు. వాన పడితే టార్పాలిన్లు కప్పేస్తారు, ఆ పూటకి ఆశ వదులుకోవాల్సిందే. కామిక్స్ పైకి కనపడవు. ఎంసెట్ గైడ్లు, ఇంగ్లిష్ నవలలు, ఇంటి ప్లాన్ల పుస్తకాలు ముందుంటాయి. నోరు తెరిచి అడగాలి. మేం అడిగితే ఒకాయన వెనకనుంచి అట్టపెట్టె లాగి, "ఇగో సార్, ఈ డబ్బా మొత్తం కామిక్సే. ఏది తీస్కున్నా యాభై. నిమ్మళంగ చూస్కోండి, చింపొద్దు" అన్నాడు. ఫుట్‌పాత్ అంచున కూర్చోవడానికి ఇంత చోటిచ్చి, బాబు ఎంతసేపు చూసినా ఏమీ అనలేదు. నా లెక్కలో ఈ ప్రయాణం మొత్తంలో అందిన మంచి సేవ అదే.

ఆ పెట్టెలో అమెరికాలో అచ్చయిన పాత సంచికలు కొన్ని, 2000కి కాస్త అటూఇటూగా గోథమ్ కామిక్స్ వాళ్లు మన దేశంలో వేసిన మార్వెల్, డీసీ పునర్ముద్రణలు కొన్ని, హిందీ రాజ్ కామిక్స్ కొన్ని ఉన్నాయి. మావాడు ముందు లాగింది గ్రీన్ లాంటర్న్. నాసి కాగితం, అంచులు పసుపు తిరిగాయి, పిన్నులు తుప్పుపట్టాయి. జేబులో ఎప్పుడూ ఉండే భూతద్దం తీసి ఆ ఆకుపచ్చ దుస్తుల మీద పెట్టాను. లోపల ఆకుపచ్చ ఎక్కడా లేదు. నీలం చుక్కలు, వాటి కింద పసుపు, అంతే. భుజం దగ్గర రిజిస్టర్, అంటే ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోవడం, వెంట్రుకవాసి తప్పింది. అందుకని గీతకి ఒక పక్క సన్నగా పసుపు, రెండో పక్క నీలం బయటికి వచ్చాయి. దూరం పెడితే మళ్లీ నిండు ఆకుపచ్చ.

"బాబాయ్, పసుపు రంగు వస్తువు మీద వీడి ఉంగరం పనిచెయ్యదు తెలుసా?" అన్నాడు వాడు. గ్రీన్ లాంటర్న్ శక్తి అంతా అతని ఉంగరంలోనే. 1940లో వచ్చిన మొదటి గ్రీన్ లాంటర్న్ అలన్ స్కాట్‌కి లొంగనిది చెక్క. 1959లో వచ్చిన హాల్ జోర్డాన్‌కి పసుపు. అతని పెద్ద శత్రువు సినెస్ట్రో వేసుకునేది పసుపు ఉంగరం. నాకు ఆ మాట వినగానే మా మిషన్ గుర్తొచ్చింది. అచ్చులో పసుపు ప్లేటు లేకపోతే ఆకుపచ్చే పుట్టదు. ఏది కలిస్తే ఆ వీరుడి రంగు పుడుతుందో, కథలో అతని బలహీనత కూడా అదే. రాసినవాళ్లు ఇదంతా ఆలోచించి రాశారని అనను. కానీ ఆ కాగితం చేతిలో పట్టుకున్నప్పుడు ఆ సంగతి కళ్లకి కట్టినంతగా ఫోన్ తెరమీద చదివితే కట్టదు. పాత ప్రతి కోసం ఇంతదూరం రావడం దండగ కాదని నేననేది ఇందుకే.

ఇంకో సంగతి. హల్క్ పేరులో రంగు లేదు గానీ, రంగు కథల్లో అతనిది పెద్ద కథ. 1962 మే నాటి మొదటి సంచికలో హల్క్ బూడిద రంగువాడు. ఆ బూడిద రంగు పేజీపేజీకీ ఒక్కోలా పడింది. రెండో సంచిక నుంచి ఆకుపచ్చ చేసేశారు. ప్రెస్సులో పనిచేసే ఎవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది. మూడు రంగులు కలిపి బూడిద తేవాలంటే ఏ ఒక్కటి కొంచెం ఎక్కువైనా మొత్తం ఎర్రగానో పచ్చగానో తిరుగుతుంది. పెళ్లి శుభలేఖల మీద బూడిద రంగు అడిగేవాళ్లకి మేం ఇప్పటికీ నచ్చజెప్తుంటాం. సిల్వర్ సర్ఫర్‌ది కూడా ఇలాంటి ఇబ్బందే. 1966లో వచ్చాడు, పేరు వెండి, కానీ అచ్చుకి వాడే నాలుగు సిరాల్లో (నీలం, మెజెంటా, పసుపు, నలుపు) వెండి లేదు. తెల్ల కాగితాన్నే వదిలేసి, లేత నీలం నీడలు వేసి వెండి అనిపించారు. అదే ఏడాది వచ్చిన బ్లాక్ పాంథర్ ఒంటి మీద మెరుపులు కూడా నీలమే. అచ్చ నలుపు పోస్తే కండ, మడత ఏమీ కనపడవు మరి.

మావాడు పెట్టె పక్కనే కూర్చుని ఇంకో ముచ్చట పట్టాడు. సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ లాంటివాళ్లు ఎరుపు, నీలం. లెక్స్ లూథర్, జోకర్, గ్రీన్ గాబ్లిన్ ఆకుపచ్చ, ఊదా. మంచివాళ్లకి మూల రంగులు, చెడ్డవాళ్లకి కలిపిన రంగులు. అయితే ఈ లెక్కని పేర్లే చెడగొడతాయి. 1941 నాటి రెడ్ స్కల్‌ది మూల రంగే, కానీ అంత చెడ్డవాడు ఇంకొకడు లేడు. గ్రీన్ లాంటర్న్, గ్రీన్ యారో కలిపిన రంగే, అయినా వీరులు. ఊదా దుస్తుల ఫాంటమ్ సంగతి సరేసరి. 1936లో దినపత్రికలో నలుపు తెలుపులో మొదలై, 1939లో ఆదివారం రంగుల పేజీకి వచ్చాక ఊదా అయ్యాడు. అదే ఫాంటమ్ స్వీడన్‌లో నీలం, ఇటలీలో ఎరుపు. ఇంద్రజాల్ కామిక్స్ చదివి పెరిగిన మా తరానికి అతను ఊదానే. ఇంద్రజాల్ ప్రతి ఒకటి ఇంకో అంగట్లో కనపడింది, కానీ అతను దాని ధర తెలిసినవాడు. బేరం కుదరలేదు. పాత ఇంద్రజాల్ చవకగా దొరుకుతుందని ఇప్పుడు ఎవరూ అనుకోనక్కర్లేదు.

టిఫిన్ ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్లో. 1948 నుంచి ఉన్నది. ఇడ్లీ, సాంబారు, కాఫీ బాగున్నాయి, ఆదివారం బల్ల దొరకడానికి కాస్త ఆగాలి. సాయంత్రం ఇటే ఉండిపోతే మొజంజాహీ మార్కెట్ నడిచి వెళ్లండి. 1935 నాటి రాతి కట్టడం, బాగుచేశాక ఇంకా అందంగా ఉంది. లోపల ఐస్‌క్రీమ్ తినాలి.

మధ్యాహ్నం హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్. హైదరాబాద్‌కి 2013లో వచ్చిన కామిక్స్ అభిమానుల మేళా, కామిక్ కాన్ జరిగేది అక్కడే. ఏడాదికోసారే కాబట్టి తేదీలు చూసుకుని ప్రయాణం పెట్టుకోవాలి. నాంపల్లిలో రెడ్ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్ మారి, హైటెక్ సిటీలో దిగి ఆటో. "మన మెట్రో లైన్లకి కూడా రంగుల పేర్లే, ఎల్లో ఒక్కటే తక్కువ" అని మావాడు సంబరపడ్డాడు. ఎర్రది మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్, నీలిది నాగోల్ నుంచి రాయదుర్గం, ఆకుపచ్చది జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్. పటం లేకపోయినా రంగు గుర్తుపెట్టుకుంటే చాలు, దారి తప్పే పనే లేదు. ఆదివారం కాబట్టి కూర్చోవడానికి చోటు కూడా దొరికింది. ఆ దూరానికి క్యాబ్ బుక్ చేసుకుంటే డబ్బూ పోతుంది, పంజాగుట్ట దగ్గర పొద్దూ పోతుంది.

హైటెక్స్‌లో పాత కాగితం ఆశించకండి. అక్కడ చూడాల్సింది మనుషుల్ని. వేషాలు వేసుకొచ్చిన పిల్లలు ఎంత శ్రద్ధ పెట్టారో దగ్గరికెళ్లి చూస్తేనే తెలుస్తుంది. స్కార్లెట్ విచ్ వేషంలో ఒకమ్మాయి కనపడింది. బట్ట ఎక్కడ దొరికిందమ్మా అని అడిగాను. "జనరల్ బజార్ అంతా తిరిగాం అంకుల్. ఒక షాపులో మెరూన్ అంటారు, ఇంకో దాంట్లో ఆరెంజ్ కొడుతుంది. చివరికి తెల్లబట్ట కొని అమ్మ రంగు అద్దించింది" అంది. కుట్టు దగ్గర, మడతల్లో కూడా రంగు సమంగా పట్టింది. అంత పనితనం చూసి నాకు చాలా సంతోషమేసింది. బ్లాక్ పాంథర్ వేషం వేసిన కుర్రాడు భుజాల మీద నీలం గీతలు సన్నగా దిద్దుకున్నాడు. పొద్దున భూతద్దంలో చూసిన అచ్చు నీలాన్ని ఇతను ఎక్కడ పట్టుకున్నాడో!

కొత్త పుస్తకాల సంగతికొస్తే, ఆర్ట్ పేపర్ మీద మళ్లీ రంగులు వేసి అచ్చేసిన సంకలనాలు బోలెడు. చదువుకోవడానికి హాయి. ఒక్కో రంగు ఉంగరానికి ఒక్కో దళం ఉన్న లాంటర్న్‌ల ఏడు రంగుల కథలు వరసగా చదవాలంటే ఇవే దిక్కు. ఎరుపు కోపం, నారింజ పేరాశ, పసుపు భయం, ఆకుపచ్చ సంకల్పం, నీలం ఆశ, ఇండిగో కరుణ, వయొలెట్ ప్రేమ. 2009 నాటి బ్లాకెస్ట్ నైట్ కథలో నలుపు చావుగా వస్తుంది. అప్పటికి రంగులు కంప్యూటర్‌లో వేస్తున్నారు, ఉంగరం వెలుగు నిజంగానే వెలుగులా ఉంటుంది. ఈ కథలు మంచి కాగితం మీద చదవాల్సినవే. పాత కథల్ని కూడా ఇలా నున్నగా చేసి ఇస్తే మాత్రం నా మనసొప్పదు. చుక్క పోతే, ఆ కాలమూ పోతుంది.

ఒక స్టాల్లో పేచీ వచ్చింది. ప్లాస్టిక్ కవరులో సీలు వేసిన కట్ట కొన్నాం. అక్కడే విప్పితే ఒక సంచికలో నడిమి షీటు లేదు. సీలు విప్పాక తీసుకోం అన్నారు. విప్పకుండా లోపల ఏముందో తెలిసేదెలా? ఫుట్‌పాత్ మీద యాభై రూపాయలకి ప్రతి పేజీ తిప్పనిచ్చారు, ఇక్కడ అంత డబ్బు తీసుకుని తిప్పనివ్వలేదు. సీలు వేసినవి కొంటే బిల్లు రాయించుకోండి, మార్పిడి సంగతి డబ్బు ఇచ్చేముందే అడగండి. మాల్‌లో ఉన్న పుస్తకాల షాపు ఒకటి కూడా చూశాం. బొమ్మలు, కప్పులు, టీషర్టులు ఎక్కువ, పుస్తకాలు రెండు అరలు. దానికోసం ప్రత్యేకంగా వెళ్లొద్దు.

బస విషయంలో రెండూ చూశాం. మొదటి రాత్రి కొండాపూర్ వైపు ఆప్‌లో బుక్ చేసిన గది. ఏసీ బాగుంది, పడక శుభ్రం. కానీ కౌంటర్లో బుకింగ్ రాలేదని చెప్పి గంట నిలబెట్టారు, చివరికి అదే గదికి ఇంకొంచెం కట్టమన్నారు. మరునాడు నాంపల్లి స్టేషన్ దగ్గరి పాత లాడ్జికి మారిపోయాం. గది చిన్నది, తెల్లవారుజామున రైళ్ల అనౌన్స్‌మెంట్లు వినపడతాయి. కానీ వేడినీళ్లు వచ్చాయి, పుస్తకాల సంచి కౌంటర్ దగ్గర జాగ్రత్తగా పెట్టుకున్నారు, గది 24 గంటల లెక్కన ఇచ్చారు. హైటెక్స్ ఒక్కటే చూసేవాళ్లకి అటువైపు బస సుఖం. పుస్తకాల కోసం వచ్చేవాళ్లకి నాంపల్లే మేలు.

సోమవారం కోఠిలో ఉమెన్స్ కాలేజీ వైపు పాత పుస్తకాల షాపులు తిరిగాం. ఇవి వారమంతా ఉంటాయి. అయితే అక్కడ పరీక్షల పుస్తకాలదే రాజ్యం. ఓపికగా అడిగితే ఒక షాపులో పైన అటక మీంచి రెండు గ్రీన్ యారో సంచికలు దించాడు. పేజీలన్నీ ఉన్నాయి, ధర కూడా న్యాయంగానే చెప్పాడు. కొనేటప్పుడు నడిమి పేజీ తెరిచి పిన్నులు చూడండి, తుప్పు ఉంటే ఇంటికెళ్లగానే తీసేసి దారంతో కుట్టండి. పాత న్యూస్‌ప్రింట్‌ని మామూలు ప్లాస్టిక్ కవర్లో బిగించొద్దు, చెమ్మ పడుతుంది.

బ్లూ బీటిల్ మాత్రం మాకు ఎక్కడా దొరకలేదు. 1939 నుంచి ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురు ఆ పేరు మోశారు, ముగ్గురిలో ఒక్కడూ ఆబిడ్స్‌కి రాలేదు. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన పెడితే, పాత పుస్తకాల స్టాళ్లు కూడా వస్తాయి కాబట్టి, ఒక ఆదివారం ఆబిడ్స్ కూడా కలిసొచ్చేలా చూసుకుని మళ్లీ వెళ్తాం.